మందు పని చేసిందని ఎలా తేల్చారు?

ప్రశ్న: మా అమ్మకు చాలా ఏళ్లుగా ఎడమ కాలికి బోదకాలు. ఊళ్లో ఒక పూతమందు కరపత్రం పంచారు. "80 మందికి ఆరు నెలలు వాడాం. 62 మందికి వాపు తగ్గింది, జ్వరాలు ఆగిపోయాయి" అని ఉంది. కొనమంటారా?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: ఇప్పుడే కొనకండి. ఆ 80 మందితో పాటు పూత వాడనివాళ్లను కూడా ఆరు నెలలు చూశారా అని అడగండి. చూడకపోతే ఆ 62కి అర్థం లేదు. బోదకాలు వాపు మందు లేకపోయినా పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. పొద్దున్న తక్కువ, రోజంతా నిలబడి పనిచేస్తే సాయంత్రానికి ఎక్కువ. చలిజ్వరం రావడం, గజ్జల్లో బిళ్లలు కట్టడం, కాలు ఎర్రబడి మంట పుట్టడం వానాకాలంలో ఎక్కువ. ఆగస్టులో మొదలుపెట్టి ఫిబ్రవరిలో ముగిస్తే కోనసీమలో ఉత్త కొబ్బరినూనె రాసినా జ్వరాలు తగ్గినట్టే కనిపిస్తుంది. పైగా జనం బాధ బాగా ముదిరినప్పుడే వైద్యానికి వస్తారు. అక్కణ్నుంచి కొంత నెమ్మదించడం సహజం.

పూత రాసే ముందు కాలు కడుక్కోమని కూడా చెప్పే ఉంటారు. రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందులు తడి లేకుండా తుడిచి, ఒరిసిన చోట ఫంగస్ క్రీము రాసి, కూర్చున్నప్పుడూ పడుకున్నప్పుడూ కాలు ఎత్తులో పెట్టుకుంటే జ్వరాలు తగ్గుతాయని వైద్యులకు ఎప్పుడో తెలుసు. మరి ఆ ఫలితం కడగడం వల్ల వచ్చిందా, పూత వల్లా? అది తేలాలంటే రెండు గుంపులూ ఒకేలా కడుక్కోవాలి. ఒక గుంపుకు అసలు పూత, రెండోదానికి అదే రంగు, అదే వాసన ఉండి మందు లేని పూత ఇవ్వాలి.

ఇక వాపు ఎలా కొలిచారో చూడండి. టేపు రెండు వేళ్ల మేర పైకి జరిగినా పిక్క చుట్టుకొలత మారిపోతుంది. మడమ నేలకు ఆనించి, నేల నుంచి 10, 20, 30 సెంటీమీటర్ల ఎత్తున గుర్తులు పెట్టి, ప్రతిసారీ అదే వేళకు కొలవాలి. కొలిచే మనిషికి ఎవరిది ఏ పూతో తెలియకూడదు. తెలిస్తే, మోసం చేయాలని లేకపోయినా, రెండోసారి టేపు కాస్త బిగుస్తుంది.

"రక్తంలో క్రిములు పోయాయి" అని కూడా రాసి ఉంటే రక్తం ఏ వేళకు తీశారో అడగండి. మన దగ్గర బోదకాలు తెచ్చే ఫైలేరియా పిల్లపురుగులు రాత్రి 10 నుంచి 2 మధ్య రక్తంలో ఎక్కువగా తిరుగుతాయి. మొదటి నమూనా రాత్రి 11కు, రెండోది సాయంత్రం 6కు తీస్తే ఏ మందూ లేకుండానే లెక్క పడిపోతుంది. ఏళ్ల తరబడి వాపున్నవాళ్లలో చాలామందికి రక్తంలో అవి అసలు కనిపించవు కూడా. అమ్మగారికి కాలు కడగడం మాత్రం ఒక్క రోజు కూడా మానకండి. జ్వరం వస్తే ఆలస్యం చేయకుండా పీహెచ్‌సీకి తీసుకెళ్లండి.

ప్రశ్న: మేం సెమినార్‌కు తీసుకున్న పరిశోధన పేపర్లో ఓపీ నంబరు సరిసంఖ్య అయితే కొత్త మందు, బేసి అయితే పాత మందు ఇచ్చారు. దాన్నే రాండమైజేషన్ (ఎవరికి ఏ మందో చీటీ తీసినట్టు పంచడం) అని రాశారు. ఒప్పుకోవచ్చా?
– బి.ఫార్మసీ విద్యార్థి, భీమవరం

జవాబు: ఒప్పుకోకూడదు. తర్వాత వచ్చే మనిషికి ఏ మందు పడుతుందో చేర్చుకునేవాళ్లకు ముందే తెలిసిపోతుంది. బాగా నీరసించిన పెద్దాయన సరిసంఖ్య చీటీతో వస్తే "ఈయన్ను రేపు చూద్దాంలే" అనిపిస్తుంది. అలా పదిమంది అటూ ఇటూ అయితే చాలు, కొత్త మందు గుంపులో గట్టివాళ్లు పోగవుతారు. పుట్టినతేదీని బట్టి, వారాన్ని బట్టి, వంతులవారీగా పంచినా ఇదే తంటా.

1948లో అచ్చయిన బ్రిటన్ స్ట్రెప్టోమైసిన్ ట్రయల్‌ను (క్షయ మందును రోగుల మీద పరీక్షించిన అధ్యయనాన్ని) ఇప్పటికీ పాఠంగా చెప్పేది ఇందుకే. గణాంకవేత్త బ్రాడ్‌ఫర్డ్ హిల్ యాదృచ్ఛిక సంఖ్యలతో జాబితా తయారుచేశారు. రోగిని చేర్చుకున్నాకే సీలు కవరు తెరిచేవారు. ఎక్స్‌రేలు చదివినవాళ్లకు ఎవరు ఏ గుంపో తెలియదు. ఆరు నెలలకు మందు తీసుకున్న 55 మందిలో నలుగురు, మంచం మీద విశ్రాంతి మాత్రమే ఇచ్చిన 52 మందిలో 14 మంది చనిపోయారు.

కాబట్టి పేపర్లో రెండు విషయాలు విడివిడిగా వెతకండి: జాబితా ఎలా తయారైంది, అది ఎవరి చేతిలో ఉంది. కంప్యూటర్‌తో చేశాం అని రాసి, జాబితా ఓపీ టేబుల్ మీదే పెట్టుకుంటే లాభం లేదు. కవర్లయితే వరుస నంబర్లుండాలి, ట్యూబ్‌లైటు కెదురుగా పట్టినా లోపలిది కనపడకూడదు, తెరవకముందే పైన రోగి పేరు రాయాలి. అన్నిటికంటే మేలు, ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో వేరే చోటి నుంచి కేటాయించడం. ఏ మందో దాచని ట్రయల్‌లో నలుగురేసి బ్లాకులుగా (ప్రతి నలుగురిలో ఇద్దరికి ఒక మందు, ఇద్దరికి ఇంకోటి) పంచితే మొదటి ముగ్గురిని చూసి నాలుగోది చెప్పేయొచ్చు. బ్లాకు సైజు మారుతూ ఉండాలి. ఆపరేషన్ల ట్రయల్స్‌లో సర్జన్‌కు చికిత్సను దాచలేం, నిజమే. కేటాయింపును మాత్రం ఎక్కడైనా దాచవచ్చు. దాచకపోవడానికి సాకు లేదు.

ప్రశ్న: "గుండెపోటు ముప్పు సగానికి సగం తగ్గింది" అంటున్నారు. అంత గొప్ప మందా?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: దేనిలో సగం? వెయ్యిమందిలో 200 మందికి వచ్చేది 100కు దిగినా సగమే, 2 కాస్తా 1కి దిగినా సగమే. మొదటి లెక్కలో 10 మంది వాడితే ఒకరికి మేలు, రెండో లెక్కలో వెయ్యిమంది వాడితే ఒకరికి. ఖర్చు, దుష్ఫలితాల ముప్పు మాత్రం వాడిన ప్రతివాళ్లకూ ఉంటాయి. వెయ్యికి ఎంతమందో, ఎన్నేళ్లలోనో అడగండి.

ప్రశ్న: ట్రయల్ మధ్యలో మానేసినవాళ్లను లెక్కలోంచి తీసేయడం తప్పా? వాళ్ల ఫలితం తెలియదు కదా.
– హౌస్ సర్జన్, కాకినాడ

జవాబు: తప్పే. అది ఫలితాన్ని తలకిందులు చేయగలదు. ఒక లెక్క వేద్దాం. రెండు గుంపుల్లో 50 మంది చొప్పున చేరారు. కొత్త మందు గుంపులో 15 మంది మానేశారు, మిగిలిన 35 మందిలో 28 మందికి నయమైంది, అంటే 80 శాతం. పాత మందు గుంపులో ఇద్దరే మానేశారు, 48లో 30 మందికి నయం, 62.5 శాతం. కొత్తదే గెలిచినట్టుంది. మానేసినవాళ్లకు నయం కాలేదనుకుని 50 మందినీ లెక్కేయండి: కొత్తది 56 శాతం, పాతది 60.

మానేసినవాళ్లకు ఫలితం తెలియకపోతే ఊహించక తప్పదు. కానీ ఏ ఊహకు ఫలితం ఎటు తిరుగుతుందో చూపించాలి. ఎందుకు మానేశారన్నది అంతకంటే ముఖ్యం. వరికోతలకు పోయి రెండు గుంపుల్లోనూ సమానంగా తప్పిపోతే నష్టం తక్కువ. ఒక గుంపులోనే వాంతులు తట్టుకోలేక మానేస్తే అసలు ఫలితం అక్కడే ఉంది. పి విలువ (మందుల మధ్య నిజంగా తేడా లేకపోయినా ఇంత తేడా కాకతాళీయంగా కనిపించే అవకాశం) ఎంత చిన్నదైనా ఈ లోపాన్ని పూడ్చదు.

ప్రశ్న: పరిశోధన పేపర్లో చెప్పింది ట్రయల్‌కు ముందు కొలుస్తామనుకున్నదేనా అని మాలాంటివాళ్లం చూసుకోగలమా?
– ఒక పాఠకుడు, పాలకొల్లు

జవాబు: చూసుకోవచ్చు, డబ్బేమీ కట్టక్కర్లేదు. మన దేశంలో ట్రయల్స్ నమోదయ్యేది సీటీఆర్ఐలో (క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ – ఇండియా). 2007లో మొదలైంది, 2009 జూన్ 15 నుంచి తప్పనిసరి. పేపర్లో నమోదు సంఖ్య ఉంటుంది, దాన్ని ఆ వెబ్‌సైట్లో కొట్టండి. నమోదు తేదీ, మొదటి రోగిని చేర్చిన తేదీ పక్కపక్కన పెట్టి చూడండి. నమోదే ముందుండాలి. ఆ తర్వాత ముఖ్య ఫలితంగా ఏం కొలుస్తామన్నారో చదవండి. అక్కడ "ఏడాదికి హెచ్‌బీఏ1సీ" (రెండు మూడు నెలల సగటు షుగరు చూపే రక్తపరీక్ష) అని ఉండి, పేపర్లో "మూడు నెలలకు పరగడుపు షుగరు" అని ఉంటే, అనుకున్నది కలిసిరాక ఇంకోటి ఎంచుకున్నారేమోనని అనుమానించాలి. డబ్బు పెట్టిందెవరో కూడా అక్కడే ఉంటుంది. ఏడాది ఫలితం ఏమైందని ఈమెయిల్ రాసి అడగండి. సంప్రదించాల్సిన రచయిత చిరునామా పేపర్లోనే ఇస్తారు.