ఐ5 చాలా, ఐ7 కొనాలా? ముందు మీ పాత కంప్యూటర్‌ని అడగండి

ఇంట్లో ఉన్న పాత డెస్క్‌టాప్ నత్తనడక నడుస్తోంది, ఆఫీసు పనికీ, పిల్లల చదువుకీ, అప్పుడప్పుడు వీడియోలు ఎడిట్ చేసుకోవడానికీ కొత్తది కొనాలి, ప్రాసెసర్ (కంప్యూటర్‌కి మెదడు లాంటి చిప్) ఇంటెల్ ఐ5 చాలా లేక ఐ7 తీసుకోవాలా అని అడిగారు. నేనైతే ప్రాసెసర్ పేరుతో మొదలుపెట్టను. ఒకసారి అలా మొదలుపెట్టే చేతులు కాల్చుకున్నాను.

నా పనంతా ఎక్సెల్, బ్రౌజర్‌లో ఓ ఇరవై ట్యాబులు, ఎప్పుడైనా కాసిని ఫొటోలు దిద్దుకోవడం. అయినా ఐ7, దానికి తోడు పెద్ద గ్రాఫిక్స్ కార్డు ఉన్న సిస్టమ్ కొన్నాను. బడ్జెట్ అంతా అక్కడే అయిపోయింది. మిగిలినదాంట్లో 8 జీబీ ర్యామ్ (పని నడిచేటప్పుడు వాడుకునే మెమరీ), 1 టీబీ హార్డ్ డిస్క్ వచ్చాయి. తీరా చూస్తే ఆన్ చేసి స్నానం చేసి వచ్చినా ఇంకా తిరుగుతూనే ఉండేది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ (ఏ భాగం ఎంత పనిచేస్తోందో చూపే విండోస్ తెర) తెరిస్తే డిస్క్ 100 శాతం, ప్రాసెసర్ 10 శాతం కూడా లేదు. గ్రాఫిక్స్ కార్డు ఈగలు తోలుకుంటోంది. (అసలు మానిటర్ కేబుల్‌ని కార్డుకి కాకుండా మదర్‌బోర్డుకి పెట్టానని మూడు వారాల తర్వాత గానీ తెలియలేదు. నవ్వుకోండి, పర్లేదు.)

అందుకే మీరు రోజూ చేసే పని చేస్తూనే పాతదాంట్లో టాస్క్ మేనేజర్ తెరిచి చూడండి. డిస్క్ నిండుతోందా, మెమరీ నిండుతోందా, సీపీయూ (అంటే ప్రాసెసరే) నిండుతోందా? డబ్బు ముందుగా అక్కడ పెట్టాలి. పాతదాంట్లో ఇంకా హార్డ్ డిస్కే ఉండి, నిండేది కూడా అదే అయితే, ఒక ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ కంటే చాలా వేగంగా పనిచేసే డిస్క్) వేయిస్తే కొనుగోలు కొన్నాళ్లు వాయిదా పడొచ్చు. కాకపోతే ఒక చిక్కు ఉంది. విండోస్ 10కి మామూలు సపోర్ట్ 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది. విండోస్ 11కి టీపీఎం 2.0 (భద్రత కోసం ఉండే చిప్) ఉండాలి, ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం నుంచే ఒప్పుకుంటుంది. మీది అంతకంటే పాతదైతే కొత్తది కొనడమే మేలు.

ఇక మీ అసలు ప్రశ్న. ఐ5, ఐ7 అన్న అంకె కంటే ఏ తరం చిప్ అన్నది ముఖ్యం. 2017లో వచ్చిన ఐ7-7700లో 4 కోర్లు (చిప్‌లో విడివిడిగా పనిచేసే భాగాలు) ఉంటాయి. 2022లో వచ్చిన ఐ3-12100లోనూ నాలుగే, కానీ దానికంటే ఇదే వేగంగా పనిచేస్తుంది. కాబట్టి ‘ఐ7 అండీ’ అని ఎవరైనా అంటే పూర్తి నంబరు చెప్పమనండి. ఇంటెల్ 2024 అక్టోబరులో తెచ్చిన డెస్క్‌టాప్ చిప్‌ల పేర్లలోనైతే ఆ ‘ఐ’ కూడా తీసేసి కోర్ అల్ట్రా 5, 7 అంటోంది, కంగారు పడకండి. మీ పనికి కొత్త తరం ఐ5 గానీ, ఏఎండీ కంపెనీది ఆ స్థాయి రైజెన్ 5 గానీ బోలెడు. ఇంటెల్ నంబరు చివర ‘ఎఫ్’ ఉంటే మాత్రం అందులో గ్రాఫిక్స్ ఉండదు, విడిగా కార్డు లేకపోతే తెరపై బొమ్మే రాదు. పైగా ఇంటెల్ సొంత గ్రాఫిక్స్‌లో ఉండే క్విక్ సింక్ (వీడియోలను త్వరగా సిద్ధం చేసే సదుపాయం) వీడియో ఎడిటింగ్‌కి బాగా పనికొస్తుంది. కాస్త తగ్గుతుందని ఎఫ్ చిప్ తీసుకోవద్దు.

ర్యామ్ 16 జీబీ తీసుకోండి. ఒకే 16 కార్డు కంటే రెండు 8లు మేలు, రెండూ కలిసి పనిచేస్తాయి. విడిగా గ్రాఫిక్స్ కార్డు లేనప్పుడు ఆ తేడా ఇంకా బాగా తెలుస్తుంది. బోర్డులో నాలుగు స్లాట్లు ఉంటే రేపు పెంచుకోవడం తేలిక. పాత రకం డీడీఆర్4 ర్యామ్ కార్డు కొత్త రకం డీడీఆర్5 స్లాట్‌లో పట్టదు, పాత ర్యామ్ వాడుకుందామని లెక్క వేసుకోకండి.

ఎస్‌ఎస్‌డీ తప్పనిసరి. సాటా అనే పాత కనెక్షన్ రకం సెకనుకు 550 ఎంబీ దాకా చదువుతుంది, ఎన్‌వీఎంఈ అనే కొత్త రకం వేలల్లో. హార్డ్ డిస్క్ నుంచి ఈ రెండింటిలో దేనికి మారినా ప్రాణం లేచొస్తుంది. ఆఫీసు పనిలో ఈ రెండింటి మధ్య తేడా మాత్రం పెద్దగా తెలియదు, కాబట్టి అన్నిటికంటే ఖరీదైన ఎన్‌వీఎంఈ కోసం ఎగబడక్కర్లేదు.

ఎవరూ పట్టించుకోనిది పవర్ సప్లై. నా సిస్టమ్‌కి క్యాబినెట్‌తో పాటు పేరూ ఊరూ లేనిదొకటి బిగించి ఇచ్చారు. ఏడాది తిరక్కుండానే టప్‌మని పేలింది. పోతూ పోతూ మదర్‌బోర్డుని కూడా తీసుకుపోయింది. అప్పటి నుంచి నేను ముందు చూసేది అదే. దానిమీద ఉండే 80 ప్లస్ ముద్ర కరెంటు వృథా ఎంత తక్కువో చెబుతుంది తప్ప, నాణ్యతకు పూర్తి హామీ కాదు. వారంటీ ఎన్నేళ్లో కూడా అడగండి. రెడీమేడ్‌గా వచ్చే చిన్న డెస్క్‌టాప్‌లలో చాలావాటికి పవర్ సప్లై ఆ కంపెనీ సైజులోనే ఉంటుంది, బయట దొరికేది పట్టదు. తర్వాత గ్రాఫిక్స్ కార్డు వేసుకునే ఆలోచన ఉంటే అలాంటి వాటి జోలికి పోకపోవడమే మంచిది.

వీడియోలు ఏ సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ చేస్తారో, అవి 4కేనో కాదో, ఎడిట్ చేసేటప్పుడు టాస్క్ మేనేజర్‌లో మెమరీ ఎంత చూపిస్తోందో కూడా రాయండి. 16 సరిపోతుందో, 32కి వెళ్లాలో అప్పుడు చెబుతాను.