స్టేజీ ఫొటోలు మసగ్గా వస్తుంటే ముందు ఏది మార్చాలి?

మీరు అడిగింది ఇదీ కదా: కొత్త కెమెరా, దాంతోపాటు వచ్చిన 18-55 ఎంఎం కిట్ లెన్స్, మాన్యువల్ మోడ్ (అన్నీ మనమే పెట్టుకునేది). పాప డాన్స్ ప్రోగ్రాంలో తీస్తే కొన్ని చీకటిగా, కొన్ని మసగ్గా వచ్చాయి, అపెర్చర్ (లెన్స్‌లో వెలుతురు వచ్చే కన్నం), షట్టర్ (ఆ వెలుతురు ఎంతసేపు లోపలికి రావాలన్నది), ఐఎస్ఓ (వచ్చిన వెలుతురుని కెమెరా ఎంత పెంచి చూపాలన్నది), ఈ మూడింట్లో దేంతో మొదలుపెట్టాలి అని.

షట్టర్‌తో. యూట్యూబ్‌లో త్రికోణం బొమ్మ గీసి మూడూ సమానమే అంటారు, లెక్కకి అది నిజమే, తీసేవాడికి మాత్రం కాదు. చీకటిగా పడిన ఫొటోని రా ఫార్మాట్‌లో (కెమెరా కుదించకుండా దాచే ఫైల్) తీసి ఉంటే తర్వాత కొంతైనా వెలిగించుకోవచ్చు, గ్రెయిన్ (ఫొటో మీద ఇసక చల్లినట్టు కనిపించే చుక్కలు) తగ్గించుకోవచ్చు. కదిలిపోయిన ముఖాన్ని ఏం చేస్తాం?

మా మేనకోడలు కూచిపూడి నేర్చుకుంటోంది, దాని ప్రోగ్రాములకి ఆస్థాన ఫొటోగ్రాఫర్‌ని నేనే (జీతం లేదు, పులిహోర ప్యాకెట్ ఇస్తారు). భంగిమ పట్టి నిలబడ్డప్పుడు షట్టర్ 1/125 (అంటే సెకనులో 125వ వంతు) చాలు, జతులు మొదలయ్యాక 1/250, గెంతులుంటే 1/500. 1/250లో ముఖం స్పష్టంగా ఉండి, గజ్జెలు కట్టిన పాదం మాత్రం కాస్త చెదిరినట్టు పడుతుంది, నాకైతే అలా ఉంటేనే ఇష్టం. లెన్స్‌లో వణుకు తగ్గించే స్టెబిలైజేషన్ ఉందిగా అనుకోకండి, అది మన చెయ్యి వణుకుని ఆపుతుంది గానీ పాప గెంతుని ఆపదు.

మాన్యువల్ మోడ్ కొన్నాళ్లు పక్కన పెట్టండి. స్టేజీ లైట్లు క్షణానికోలా మారుతుంటాయి, మనం చక్రం తిప్పేలోపు పాట అయిపోతుంది. షట్టర్ ప్రయారిటీకి రండి, అందులో షట్టర్ మనం పెడితే అపెర్చర్ కెమెరా చూసుకుంటుంది, మోడ్ చక్రం మీద కానన్‌లో Tv అని, నికాన్‌లో S అని ఉంటుంది. ఐఎస్ఓ ఆటోలో పెట్టి గరిష్ఠం 6400 ఇవ్వండి. గ్రెయిన్ గురించి టెన్షన్ వద్దు, వాట్సాప్‌లో చుట్టాలకి పంపే సైజులో అదెవరికీ కనపడదు.

అపెర్చర్ విషయంలో మీ లెన్స్‌తో మీరు తేల్చుకోవాల్సిందేం లేదు. అంకె తగ్గేకొద్దీ కన్నం పెద్దదవుతుంది, కానీ 55కి జూమ్ చేస్తే అది 5.6 దాటి తెరుచుకోదు, అంత వెలుతురు తక్కువ చోట కెమెరానే దాన్ని పూర్తిగా తెరిచేస్తుంది. ముందు వరసలో సీటు దొరికే అవకాశం ఉంటే 50 ఎంఎం ఎఫ్ 1.8 లెన్స్ కొనుక్కోండి. 5.6తో పోలిస్తే దాదాపు పది రెట్లు వెలుతురు లోపలికి వస్తుంది, అంటే ఐఎస్ఓ 6400 కావాల్సిన చోట 640తో పనైపోతుంది. కాకపోతే 1.8లో దగ్గర్నుంచి తీస్తే కళ్లు ఫోకస్‌లో ఉండి ముందుకు చాచిన చెయ్యి మసకబారిపోతుంది.

ఇవన్నీ సరిగ్గా పెట్టినా ముఖం సున్నం కొట్టినట్టు రావచ్చు. అది వెనకున్న నల్ల తెర పని. ఎదురుగా ఏమున్నా దాన్ని సగటున మధ్యస్థ బూడిద రంగంత వెలుగుకి తేవాలన్నదే కెమెరాలో వెలుతురు కొలిచే మీటర్ లెక్క, కాబట్టి ఫ్రేములో ముప్పాతిక నలుపే ఉంటే వెలుతురు చాలట్లేదనుకుని పెంచేస్తుంది, తెర బూడిదగా మారుతుంది, టెంపుల్ జ్యువెలరీ మీద చెక్కుడంతా పోయి తెల్ల మచ్చ మిగులుతుంది. ప్లస్-మైనస్ గుర్తున్న బటన్ నొక్కి -1కి తెచ్చి ఒకటి తీసి చూడండి, నగ మీద గీతలు కనిపిస్తే సరే, లేకపోతే ఇంకాస్త తగ్గించండి. మధ్యాహ్నం ఎండలో బీచ్ ఇసుక మీదో, తెల్ల గోడ ముందో దీనికి రివర్స్, అక్కడ +1. నన్నడిగితే మాన్యువల్ మోడ్ కంటే ముందు నేర్చుకోవాల్సింది ఈ బటనే.

ఇంకోటి, ఫొటోలో అడ్డంగా నల్ల చారలు పడితే కెమెరా పాడైందని కంగారు పడకండి, ఎల్ఈడీ లైట్ల వల్ల కావచ్చు. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి వాటిలో కొన్ని సెకనుకి వందసార్లు మినుకుతుంటాయి. షట్టర్ 1/100కి తెస్తే చాలావరకు పోతాయి. అంత నెమ్మది షట్టర్‌లో గెంతులు ఎలాగూ రావు, ఆ హాల్లో భంగిమలు మాత్రం ఫొటో తీసి మిగతాది ఫోన్లో వీడియో తీసుకోండి.