కొత్త ఇంట్లో స్పీకర్లు బిగించబోతున్న మా మేనకోడలికి

మర్రిపాలెం, విశాఖపట్నం.

చిరంజీవి మేనకోడలికి మావయ్య దీవించి వ్రాయునది.

మధురవాడలో కొత్త ఫ్లాటులోకి వచ్చే నెలలో దిగుతున్నావనీ, హాల్లో ఐదు స్పీకర్లూ, బాస్ అంటే లోతైన స్వరాలు పలికే ఒక సబ్‌వూఫరూ పెట్టి, ఎవరినీ పిలవకుండా అన్నీ నీ చేతులతోనే బిగించుకుంటానని పట్టుబట్టావనీ మీ అమ్మ ఫోను చేసి చెప్పింది. ఆ మాట విని నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. షిప్‌యార్డులో డ్యూటీ దిగి వచ్చి సాయంత్రాలు నేను యాంప్లిఫయర్లు బాగుచేస్తుంటే, నువ్వు బల్ల పక్కన పీట వేసుకుని కూర్చుని, రెసిస్టర్లను రంగు గీతలను బట్టి వేరుచేసి, గోధుమ, నలుపు, ఎరుపు అంటే వెయ్యి ఓములని నాకంటే ముందే చెప్పేదానివి. మన ఇంట్లో ఈ పని నీతో నిలుస్తుందని నాకు అప్పుడే ఆశ పుట్టింది.

అయితే మీ అమ్మ ఇంకో మాట కూడా చెప్పింది. సెకండ్‌హ్యాండులో కొన్న యాంప్లిఫయరు ఆన్ చేయగానే గుయ్‌మని మోత పెడుతోందనీ, ప్లగ్గులో ఎర్తింగ్ పిన్ను తీసేస్తే ఆ మోత పోతుందని నీతో పనిచేసే అబ్బాయి ఎవరో సలహా ఇచ్చాడనీ అంది. స్పీకర్లు ఎక్కడ పెట్టాలి, వైరు ఎంత లావుండాలి అన్నవన్నీ తరువాత. ముందు ఈ ఒక్క సంగతి చదువు. చదివి, ఆ అబ్బాయికి కూడా వినిపించు.

ఆ పిన్నును ముట్టుకోవద్దు. తీయవద్దు, కోయవద్దు, రెండు పిన్నుల అడాప్టరు తొడిగి దాటవేయవద్దు. అతను చెప్పింది అబద్ధం కాదమ్మా, పిన్ను తీస్తే మోత నిజంగానే పోవచ్చు. నా భయమంతా అందుకే. పని జరిగినట్టు కనిపించే తప్పును ఎవరూ మళ్లీ తిరిగి చూడరు.

చాలా ఏళ్ల కిందట పెదవాల్తేరులో ఒక మాస్టారి ఇంటికి నన్ను పిలిచారు. సముద్రానికి దగ్గరి ఇల్లు; కిటికీ చువ్వలు ఏటా రంగు వేసినా తుప్పు పట్టేవి. వాళ్లింట్లో ఇనుప డబ్బా ఉన్న బరువైన యాంప్లిఫయరు, నేల మీద నిలబెట్టే రెండు పెద్ద స్పీకర్లు ఉండేవి. టీవీకి కేబుల్ పెట్టించుకుని, ఆ టీవీ శబ్దాన్ని యాంప్లిఫయరుకు కలిపిన రోజు నుంచి మోత మొదలైందట. ఒక మెకానిక్ వచ్చి, కాసేపట్లో మోతను మాయం చేసి, డబ్బు తీసుకుని వెళ్లాడు. ఇల్లంతా అతని పనితనాన్ని మెచ్చుకుంది. ఆ తరువాత వచ్చిన వానాకాలంలో, మాస్టారి అమ్మాయి హాలును తడిగుడ్డతో తుడిచి, ఆ తడి ఆరకముందే వట్టికాళ్లతో వెళ్లి, పాట తగ్గిద్దామని వాల్యూం నాబ్ పట్టుకుంది. అది అల్యూమినియం నాబ్. పట్టుకున్న చెయ్యి ఊడిరాలేదు. ఆమె అరుపు విని తమ్ముడు పరుగున వెళ్లి మెయిన్ కట్టేశాడు కాబట్టి బతికింది. నేను వెళ్లేసరికి ఆ పిల్ల మంచం మీద కూర్చుని ఉంది; అరచేతిలో నాబ్ అంచున ఉండే సన్నని గాట్లు గుండ్రంగా అచ్చుపడి కాలి ఉన్నాయి. అప్పుడు ఆ అమ్మాయిది ఇప్పటి నీ వయసే.

ప్లగ్గు ఊడదీసి చూశాను. మూడు పిన్నుల్లో లావుగా, పొడుగ్గా ఉండే ఇత్తడి పిన్నును హ్యాక్సా బ్లేడుతో మొదలంటా కోసి, అంచు గరుకు తగలకుండా ఆకురాయితో నున్నగా రుద్ది ఉంది. చేయకూడని పనిని అంత ఓపికగా చేసిన తీరు చూసి నాకు ఒళ్లు మండింది. డబ్బా తెరిస్తే లోపల ట్రాన్స్‌ఫార్మరు కాగితపు ఇన్సులేషన్ ఉప్పుగాలికీ తేమకూ చివికిపోయి, కరెంటు వచ్చే ఫేజు తీగ ఇనుప చట్రానికి ఆనుకుని ఉంది. పిన్ను ఉన్నట్టయితే ఆ ఫేజు డబ్బాను తాకిన క్షణంలోనే కరెంటంతా ఎర్తులోకి దూకి ఫ్యూజు కొట్టేసేది. యాంప్లిఫయరు పాడైపోయేది, అంతే. పిన్ను లేనందువల్ల డబ్బా మొత్తం 230 వోల్టులతో ఎవరి చెయ్యి తగులుతుందా అన్నట్టు ఉండిపోయింది. ఆ నాటి ఇళ్లలో షాక్ కొట్టగానే కరెంటు తెంపే ఆర్‌సీసీబీలు లేవు. నీ ఫ్లాటులో 30 మిల్లీఆంపియర్లకు తెగేది ఉండాలి. లేకపోతే పెట్టించు, ఉంటే దాని మీదున్న టెస్టు మీటను అప్పుడప్పుడు నొక్కి పడుతోందో లేదో చూడు. అది ఉంది కదా అని ఎర్తు మానేయడానికి వీల్లేదు. రెండూ ఉండాలి.

నీకు ఒక సందేహం రావచ్చు. కొన్ని పరికరాలకు రెండు పిన్నులే ఉంటాయి కదా, వాటికి లేని ప్రమాదం దీనికెందుకు అని. అటువంటి వాటి వెనుక పలక మీద ఒక చదరంలో ఇంకో చదరం గుర్తు ఉంటుంది; లోపల రెండు పొరల ఇన్సులేషన్‌తో ఎర్తు అవసరం లేకుండానే వాటిని తయారుచేస్తారు. మూడు పిన్నులతో వచ్చినదాన్ని మూడు పిన్నులతోనే వాడాలి. ఇంకొకటి, ఇనుప డబ్బా మీద వేలి వెనుక భాగాన్ని రాస్తే జివ్వుమని అనిపించిందంటే చాలాసార్లు దానికి ఎర్తు అందడం లేదని అర్థం. చాలా పరికరాల్లో ఫేజు నుంచీ న్యూట్రల్ నుంచీ డబ్బాకు వడపోత కెపాసిటర్లు ఉంటాయి. ఎర్తు లేకపోతే డబ్బా దాదాపు 115 వోల్టుల దగ్గర తేలుతూ ఉంటుంది. కరెంటు చాలా తక్కువ కనుక దానివల్ల ప్రాణాపాయం ఉండదు. అలాగని దాన్ని అలవాటు చేసుకోవద్దు. జివ్వుమన్న రోజే స్విచ్ కట్టేసి ప్లగ్గు లాగేయి. గోడలోని సాకెట్టుకు నిజంగా ఎర్తు వస్తోందో లేదో లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత మీటరు పెట్టించి చూపించు. సాకెట్టులో మూడు రంధ్రాలు ఉన్నంత మాత్రాన మూడో దాని వెనుక తీగ ఉందని నమ్మకు.

ఇప్పుడు ఆ మోతను న్యాయంగా పోగొట్టే దారి చెబుతాను. యాంప్లిఫయరు వెనుక స్పీకరు వైర్లు తప్ప మిగతావన్నీ పీకేసి, ఆన్ చేసి విను. అప్పటికీ మోత ఉండి, వాల్యూం పెంచినా తగ్గించినా మారకపోతే లోపం డబ్బా లోపలిదే. పాత సెట్టు కాబట్టి పవర్ సప్లైలోని ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయి, మన 50 హెర్ట్జ్ కరెంటుకు రెట్టింపైన 100 హెర్ట్జ్ మోత స్పీకరుకు చేరుతూ ఉండవచ్చు. దాన్ని నువ్వు తెరవవద్దు. ప్లగ్గు తీసేసిన తరువాత కూడా ఆ కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది. నేను వచ్చి మారుస్తాను, నువ్వు పక్కన ఉండి చూద్దువుగాని. అలా కాక, వైర్లు పీకగానే మోత ఆగిపోతే ఒక్కొక్క వైరునూ తిరిగి పెడుతూ రా. ప్రతిసారీ వాల్యూం తగ్గించి, స్విచ్ కట్టేశాకే వైరు పెట్టాలి. ఏది పెట్టినప్పుడు మోత వచ్చిందో దొంగ అక్కడే ఉన్నాడు. నూటికి తొంభై సార్లు అది కేబుల్ టీవీ వైరో, డిష్ నుంచి దిగే వైరో అవుతుంది. ఆ వైరు పై తొడుగు బయట ఎక్కడో ఒకచోట ఎర్తు అయి ఉంటుంది. నీ యాంప్లిఫయరు నీ ఇంటి ఎర్తుకు కలిసి ఉంటుంది. ఈ రెండు ఎర్తుల మధ్య ఉండే కొద్దిపాటి వోల్టేజి తేడా వల్ల ఆడియో వైరు తొడుగులో కరెంటు పారుతుంది, అదే మోతగా వినిపిస్తుంది. మాస్టారి ఇంట్లో జరిగిందీ ఇదే. ఆ మెకానిక్ కేబుల్ వైరును ఒక్కసారి పీకి చూసి ఉంటే కారణం అక్కడికక్కడే తెలిసిపోయేది.

దానికి మందులు మూడున్నాయి. టీవీ, సెట్‌టాప్ బాక్స్, యాంప్లిఫయరు, సబ్‌వూఫరు అన్నిటి ప్లగ్గులూ ఒకే బోర్డుకు పెట్టు. చాలా ఇళ్లలో దీనితోనే సగం మోత పోతుంది. పోకపోతే కేబుల్ వైరు టీవీకి చేరే చోట ఐసొలేటరు, అంటే సిగ్నల్‌ను పోనిచ్చి ఎర్తు కరెంటును ఆపే చిన్న ముక్క, బిగించు. అన్నిటికంటే నాకు ఇష్టమైనది మూడోది: టీవీ నుంచి యాంప్లిఫయరుకు ఆప్టికల్ కేబుల్ వేయడం. అందులో ప్రయాణించేది వెలుతురే కనుక కరెంటు దాటే దారే ఉండదు. హెచ్‌డీఎంఐలో వచ్చేంత ఉన్నత స్థాయి సౌండు దానిలో రాదు, కానీ ఐదు స్పీకర్లకూ సబ్‌వూఫరుకూ సరిపోయే మామూలు 5.1 డాల్బీ సౌండు హాయిగా వస్తుంది.

స్పీకర్ల అమరిక నీకు తెలియనిది కాదు, క్లుప్తంగా రాస్తాను. ముందున్న రెండు స్పీకర్లూ, నువ్వు కూర్చునే చోటూ సమాన భుజాల త్రిభుజంగా ఉండాలి. వాటిలో సన్నని స్వరాలు పలికే ట్వీటర్లు కూర్చున్న మనిషి చెవి ఎత్తులో ఉండాలి. సరౌండ్ స్పీకర్లు చెవులకు పక్కగా, కొంచెం వెనక్కి, అడుగు రెండడుగులు పైన ఉండాలి. స్పీకరు వైరు 1.5 చదరపు మిల్లీమీటర్లది చాలు. సరౌండ్‌లకు హాలు చుట్టూ తిప్పాల్సి వస్తే 2.5 చదరపు మిల్లీమీటర్లది వాడు. వైరు చివర ఒక్క రాగి పోగు పక్క టెర్మినల్‌ను తాకినా యాంప్లిఫయరు కాలిపోవచ్చు, అందుకని పోగులను మెలివేసి బిగించు.

సెంటర్ స్పీకరును టీవీ కింది అరలో లోపలికి నెట్టవద్దు. అర అంచు దాకా ముందుకు లాగి, ముఖం కాస్త పైకి తిప్పు. మాటలన్నీ దాని నుంచే వస్తాయి. మీ అమ్మను, పిన్నిని జగదాంబ థియేటర్లో 70 ఎం.ఎం. బొమ్మలకు తీసుకువెళ్లిన రోజుల్లో ఆ ప్రింట్ల అంచుల మీద శబ్దాన్ని మోసే ఆరు అయస్కాంత ట్రాకులు ఉండేవి. వాటిలో ఐదు తెర వెనుక స్పీకర్లకే, ఒక్కటి మాత్రం హాలు చుట్టూ ఉన్న వాటికి. తెర మీద మనిషి ఎడమ నుంచి కుడికి నడిస్తే గొంతు కూడా అతని వెంటే నడిచేది. మీ అమ్మ సినిమా వదిలేసి తెర వెనుక ఎవరున్నారని అడిగేది. నీ హాల్లో ఆ పనంతా చేసేది ఒక్క సెంటర్ స్పీకరే, దాన్ని అరలో బంధించకు.

వైర్లు కలిపాక గొంతు మధ్య నుంచి రాకుండా చెదిరినట్టు ఉండి, బాస్ పల్చగా ఉంటే ఎక్కడో ఎరుపు, నలుపు తారుమారయ్యాయి. స్పీకరు వైరును యాంప్లిఫయరు నుంచి విప్పి, 1.5 వోల్టుల బ్యాటరీ ప్లస్‌ను ఎర్ర తీగకు, మైనస్‌ను నల్ల తీగకు ఒక్క క్షణం తాకించు; స్పీకరులోని పెద్ద కోను (వూఫరు) బయటికి వస్తే సరిగా ఉన్నట్టు, లోపలికి పోతే తిరగబడినట్టు. కరెంటు ప్లగ్గు ఉన్న సబ్‌వూఫరుకు ఈ పరీక్ష చేయవద్దు. ఒక పక్క స్పీకరు పలకకపోతే యాంప్లిఫయరు దగ్గర ఎడమ, కుడి వైర్లు మార్చి చూడు. లోపం రెండో స్పీకరుకు మారితే యాంప్లిఫయరుది, అదే స్పీకరు దగ్గర ఉండిపోతే స్పీకరుదో వైరుదో.

సబ్‌వూఫరును కంటికి బాగుందని మూలన పెట్టేస్తారు. మూలన బాస్ పెరుగుతుంది గానీ అన్ని స్వరాలూ సమానంగా పెరగవు. మీ హాలు వెడల్పు 12 అడుగులని మీ అమ్మ చెప్పింది. ఆ వెడల్పుకు 47 హెర్ట్జ్ దగ్గర గది తానే మోగుతుంది, ఆ ఒక్క స్వరం డబ్బా కొట్టినట్టు వినిపిస్తుంది. సబ్‌వూఫరును తాత్కాలికంగా నువ్వు కూర్చునే సోఫా మీద పెట్టి, బాస్ ఎక్కువగా ఉన్న పాట వేసి, గోడల వెంట మోకాళ్ల మీద పాకుతూ విను. బాస్ ఎక్కడ గట్టిగా కాక స్పష్టంగా వినిపిస్తే అక్కడ దాన్ని పెట్టు. క్రాసోవరు, అంటే ఏ స్వరం నుంచి కిందివాటిని సబ్‌వూఫరుకు అప్పగించాలో చెప్పే సెట్టింగు, 80 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టు. మీ టైల్స్ నేల మీద ఒక మందపాటి తివాచీ, బాల్కనీ అద్దాలకు బరువైన కర్టెన్లు వేస్తే, ఎంత ఖరీదైన స్పీకరూ చేయని మేలు జరుగుతుంది.

వంటింట్లో కూడా ఇంకో జత స్పీకర్లు కలుపుతానన్నావట. యాంప్లిఫయరు వెనుక పలక మీద ఎన్ని ఓముల వరకు తట్టుకుంటుందో చదివిన తరువాతే ఆ పని చెయ్యి. 8 ఓముల స్పీకర్లు రెండు ఒకే టెర్మినళ్లకు, ప్యారలల్‌లో, కలిపితే 4 ఓములవుతాయి. ఓములు తగ్గితే కరెంటు ఎక్కువ లాగుతాయి కనుక 6 ఓములకు చేసిన యాంప్లిఫయరు వేడెక్కి చెడిపోవచ్చు.

మధురవాడ కూడా సముద్రపు గాలికి దూరమేమీ కాదు. ఏడాదికోసారి వైరు చివరలు విప్పి చూడు. రాగి పచ్చబారితే ఆ మేరకు కత్తిరించి, కొత్తగా ఒలిచి బిగించు. తుపాను హెచ్చరిక వస్తే కరెంటు ప్లగ్గులతో పాటు డిష్ వైరు కూడా పీకెయ్యి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ మన మీదికి వచ్చి వెళ్లాక రోజుల తరబడి కరెంటు లేని సంగతి నీకూ గుర్తే. అటువంటప్పుడు కరెంటు వచ్చిన వెంటనే ఏదీ పెట్టకూడదు. లైన్లలో న్యూట్రల్ తెగి ఉంటే ఇంట్లోకి 230ని మించిన వోల్టేజి రావచ్చు. లైట్లు చాలాసేపు నిలకడగా వెలిగాకే ప్లగ్గులు పెట్టు.

బావగారికి ఈ మధ్య మాటలు సరిగా అందడం లేదనీ, అందుకే టీవీ గట్టిగా పెడుతున్నారనీ విన్నాను. మొత్తం వాల్యూం పెంచితే ఆయనకు సంగీతం హోరులో మాట ఇంకా మునిగిపోతుంది. సెట్టింగ్స్‌లో సెంటర్ చానల్‌ను మాత్రం రెండు మూడు డెసిబెళ్లు పెంచి, రాత్రిపూట శబ్దాల హెచ్చుతగ్గులను తగ్గించే మోడ్ ఆన్ చేసి, ఆయన కుర్చీని సెంటర్ స్పీకరుకు ఎదురుగా వెయ్యి. ఏ చెవి బాగా వినిపిస్తుందో ఆయన్నే అడిగి, ఆ చెవి స్పీకరు వైపు ఉండేలా కుర్చీని కొద్దిగా తిప్పు.

ఇట్లు, ఆశీస్సులతో,
మీ మావయ్య