ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చేసి పబ్లిక్ హెల్త్‌లోకి రావచ్చా, ఆర్ (గణాంకాల సాఫ్ట్‌వేర్) నేర్చుకుంటే చాలా?

హన్మకొండ నుంచి అడిగిన తమ్ముడూ, నిక్షేపంగా రావచ్చు. నేనూ అలాగే వచ్చి ఇప్పుడు బయోస్టాటిస్టిక్స్‌లో (ఆరోగ్య గణాంకాలు) పీహెచ్‌డీ చేస్తున్నా. ఆర్ గురించి టెన్షన్ పడకు, కూర్చుంటే వచ్చేస్తుంది. తంటా అంతా లెక్క మొదలుపెట్టక ముందే ఉంటుంది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేనే తీసుకో. 2015-16 సర్వేలో వరంగల్ అంటే పాత ఉమ్మడి జిల్లా. 2019లో మన దగ్గర ఐదో సర్వే జరిగేసరికి అది అర్బన్, రూరల్, జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అని ముక్కలైంది, పైగా భూపాలపల్లిలో కరీంనగర్, ఖమ్మం మండలాలు కూడా కలిశాయి, కాబట్టి ముక్కలన్నీ కూడినా పాత జిల్లా రాదు. ములుగుకైతే విడిగా అంకెలే లేవు, సర్వే 2017 మార్చి నాటి జిల్లాలను పట్టుకుంది మరి. ఇవేం చూడకుండా రెండు పట్టికలు పక్కపక్కన పెట్టి 'ఇంత మెరుగైంది' అని రాసేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

సిజేరియన్లు చూడు. ఆ ఐదో సర్వేలో మొత్తం కాన్పుల్లో ఇవి దేశం మొత్తానికి 21.5 శాతం, తెలంగాణలో 60.7. ప్రైవేటులో 81.5, సర్కారు దవాఖానల్లో 44.5. అంటే మన దగ్గర అసమానత వైద్యం అందకపోవడం ఒక్కటే కాదు, అక్కర్లేని కోత కూడా కావచ్చు (ముహూర్తం పెట్టించుకుని మరీ కోయించుకునేవాళ్ల సంగతి వేరే). అయితే మొదటి కాన్పు కూడా ఆపరేషనేనా, వయసెంత, ఆస్తి ఎంత అన్నవి సర్దకుండా ప్రైవేటుదే తప్పని తేల్చేయలేం. మన పని అక్కడే.

ఇక అసలు లెక్కలోకే రానివాళ్లు. ఏటూరునాగారం వైపు ఒక సబ్‌సెంటర్‌లో ఏఎన్‌ఎం రిజిస్టర్ చివరి పేజీల్లో పెన్సిల్‌తో రాసిన పేర్లు కనిపించాయి. ఎవరమ్మా వీళ్లంటే, "ఛత్తీస్‌గఢ్ నుంచి మిర్చి ఏరనీకి వచ్చినోళ్లు సార్. మా ఊరి లెక్కల రారు, గని పిల్లలకు సూది ఎయ్యకుంట ఎట్ల ఊకుంట?" అంది. ఊరి టీకాల శాతం ఎంత బాగున్నా ఆ పిల్లలు ఆ భిన్నంలో పైనా (టీకా పడ్డవాళ్లలో) లేరు, కిందా (మొత్తం పిల్లల్లో) లేరు.

అందుకే శాంపిల్ సర్వేల పేపర్‌ను బోర్ అని వదిలేయకు. వెయిట్లు (శాంపిల్‌లో ఒక్కరు ఎంతమందికి లెక్క), క్లస్టర్లు (ఇళ్లను గుంపులుగా ఎంచుకోవడం), స్ట్రాటా (జనాన్ని ముందే వర్గాలుగా విడగొట్టడం) గట్టిగా పట్టుకో, ఎండాకాలం సెలవుల్లో ఏదైనా పీహెచ్‌సీకి పోయి ఆ రిజిస్టర్లు ఎలా నింపుతారో చూడు. పర్మిషన్‌కు డీఎంహెచ్‌ఓ (జిల్లా వైద్య ఆరోగ్య అధికారి) ఆఫీసులో లెటర్ ఇవ్వాలి, మీ హెచ్‌ఓడీ సంతకంతో.