డాక్టర్ సలహా: ఆటిజం ఉన్న మా బాబుకు 24 ఏళ్లు.. డోసు పెంచాలా? మా తర్వాత ఎవరు చూస్తారు?

ప్రశ్న: మాది కాజీపేట. రైల్వేలో రిటైరయ్యాను. మా బాబుకు ఆటిజంతో పాటు బుద్ధిమాంద్యం ఉంది. స్పెషల్ స్కూల్‌కు వెళ్లేవాడు, 18 నిండాక ఇక పంపొద్దన్నారు. అప్పటి నుంచి ఇంట్లోనే. ఈ మధ్య అరుపులు, చెయ్యి కొరుక్కోవడం, వాళ్లమ్మను కొట్టడం ఎక్కువైంది. టాబ్లెట్ డోసు పెంచాలా? పెళ్లి చేస్తే కుదురుకుంటాడని చుట్టాలు అంటున్నారు. కూతురు పెళ్లయి కరీంనగర్‌లో ఉంటుంది. మా తర్వాత వీడి గతేంటని రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.
- ఒక తండ్రి, కాజీపేట

జవాబు: ముందు ఆ పెళ్లి మాట పక్కన పెట్టేయండి. ఆటిజం పెళ్లితో తగ్గేది కాదు. తన కడుపు నొప్పి తానే చెప్పుకోలేని మనిషికి ఇంకో ఇంటి పిల్లను తెచ్చి కట్టబెడితే ఆ పిల్లకు జీవితాంతం చాకిరీ, మీకు ఇంకో టెన్షన్. అలా చేసి చివరికి పెద్దమనుషుల పంచాయితీ దాకా వచ్చిన కుటుంబాలను చూశాను కాబట్టే ఇంత గట్టిగా చెప్తున్నా.

ఇక డోసు. మాట సరిగ్గా రాని వాళ్లలో కొత్తగా కోపం పెరిగిందంటే ముందు ఒంట్లో ఏదైనా బాధ ఉందేమో చూడాలి. పుచ్చిన పన్ను, చెవి పోటు, నాలుగు రోజులుగా మోషన్ రాకపోవడం, బయటికి పెద్దగా కనపడని ఫిట్స్.. వీటిలో ఏది ఉన్నా చెప్పలేక చెయ్యి కొరుక్కుంటారు. కోపానికి ఇచ్చే కొన్ని మందులతోనే మలబద్ధకం వస్తుంది, బరువు పెరుగుతారు, కాబట్టి కారణం తెలియకుండా డోసు పెంచితే ఒక్కోసారి ఉన్న బాధే పెరుగుతుంది. అలాగని ఇప్పుడు వాడుతున్నవి మీ అంతట మీరు ఆపేయొద్దు. ఒక నోటుబుక్కు పెట్టి రెండు వారాలు రాయండి: ఎన్ని గంటలకు గొడవ మొదలైంది, దానికి ముందు ఏం జరిగింది, ఎలా తగ్గింది. వీధిలో డీజే మోగిన రోజా, ఇంటికి చుట్టాలు వచ్చిన రోజా, కరెంటు పోయి ఫోన్ చార్జింగ్ అయిపోయిన రోజా? చాలాసార్లు జవాబు ఆ పుస్తకంలోనే దొరుకుతుంది.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట 'అప్పటి నుంచి ఇంట్లోనే' అన్నది. ఆరేళ్లుగా పొద్దున లేస్తే చేయడానికి ఏమీ లేదు, మాట్లాడటానికి అమ్మానాన్న తప్ప ఎవరూ లేరు, ఎవరికైనా పిచ్చెత్తదా? రోజూ ఒకే క్రమం ఉండాలి. మాటలతో చెప్పేకంటే బొమ్మలతో గోడ మీద చార్టు పెట్టండి: స్నానం, టిఫిన్, నడక, పని, టీవీ. పని అంటే నిజంగా పనే. కూరగాయలు వేరు చేయడం, బట్టలు మడత పెట్టడం, పక్కనున్న కిరాణాకు వెళ్లి రోజూ అదే పాల ప్యాకెట్ తేవడం. షాపు ఆయనకు ముందే విషయం చెప్పి పెట్టండి, మనవాళ్లు చెబితే అర్థం చేసుకుంటారు, దాచిపెడితేనే వింతగా చూస్తారు. భద్రకాళి చెరువు కట్టకు నడకకు తీసుకెళ్తే జనం రాకముందే వెళ్లండి.

నిజం చెప్పాలంటే మన దగ్గర పిల్లలకు ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాలు, స్పెషల్ స్కూళ్లు ఎంతో కొంత ఉన్నాయి కానీ 18 దాటిన వాళ్లకు చాలా తక్కువ. అయినా హనుమకొండలో మల్లికాంబ మనోవికాస కేంద్రం లాంటి చోట్లకు స్వయంగా వెళ్లి పెద్దవాళ్లకు ఏం ఉందో అడగండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో బుద్ధిమాంద్యం ఉన్నవాళ్ల కోసం కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది, 1984 నుంచి పనిచేస్తోంది. బాబు ఏ పని నేర్చుకోగలడో అక్కడ అంచనా వేయించుకోండి. కాజీపేట నుంచి రైలు ఎక్కడం మీకు కొత్తేం కాదు కదా.

కాగితాల విషయంలో మాత్రం ఆలస్యం చేయొద్దు. 18 దాటాక చట్టం దృష్టిలో మీరు తండ్రే కానీ ఆటోమేటిక్‌గా గార్డియన్ కాదు. ఆటిజం, బుద్ధిమాంద్యం లాంటివి ఉన్నవాళ్ల కోసం తెచ్చిన 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన లోకల్ లెవెల్ కమిటీ ఉంటుంది, లీగల్ గార్డియన్‌షిప్‌కు హనుమకొండ కలెక్టరేట్‌లో దరఖాస్తు పెట్టండి. కోర్టు చుట్టూ తిరగక్కర్లేదు. ముందు మీరిద్దరిలో ఒకరు తీసుకుని, తర్వాత ఎవరన్నది అమ్మాయితో, అల్లుడితో కూర్చుని మాట్లాడండి. 'పెళ్లయిపోయింది, వేరే ఇంటి పిల్ల' అనుకుని ఆమెను అడగకుండా ఉండిపోతారు చాలామంది, రేపు భారం పడేది మాత్రం ఆమె మీదే.

మీది రైల్వే పెన్షన్ కాబట్టి ఇంకోటి. సొంతంగా సంపాదించుకోలేని వైకల్యం ఉన్న బిడ్డకు, మీరిద్దరూ పోయాక జీవితాంతం ఫ్యామిలీ పెన్షన్ వచ్చే వీలుంది. మీరు ఉండగానే బాబు పేరు పీపీఓలో (పెన్షన్ మంజూరు పత్రంలో) ఎక్కించాలి, వదిలేస్తే తర్వాత మీ అమ్మాయి ఆఫీసుల చుట్టూ తిరగాలి. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ చిన్నప్పటిదైతే గడువు చూసుకోండి, దివ్యాంగుల జాతీయ గుర్తింపు కార్డు యూడీఐడీ కూడా తీయించండి. థెరపీ, మందుల ఖర్చుకు నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఆరోగ్య బీమా ఉంది, ఏడాదికి లక్ష వరకు, చేరేముందు మెడికల్ టెస్టులు అడగరు. 4,016 రూపాయల దివ్యాంగుల పెన్షన్ మీలాంటి పెన్షన్‌దారుల ఇళ్లకు సాధారణంగా రాదు కానీ, ఇది చదివే మిగతా తల్లిదండ్రులు మాత్రం వదులుకోవద్దు.

'మా తర్వాత' అన్న ప్రశ్నకు జవాబు మీ తర్వాత దొరకదు, ఇప్పటి నుంచే అలవాటు చేయాలి. నెలకో రోజు అక్క దగ్గర ఉంచండి, తర్వాత రెండు రోజులు. నేషనల్ ట్రస్ట్ కింద సమర్థ్-కమ్-ఘరౌందా అనే వసతి పథకం నడుస్తోంది, దాని సెంటర్ల జాబితా ట్రస్ట్ వెబ్‌సైట్‌లో చూడొచ్చు. ఏ హోమ్‌కైనా చెప్పకుండా భోజనం వేళకు వెళ్లండి, బాత్రూమ్‌లు చూడండి, రాత్రి ఎంతమందికి ఎంతమంది చూసుకునేవాళ్లు ఉంటారో అడగండి. లోపలికి రానివ్వకుండా ఆఫీసు గదిలోనే టీ ఇచ్చి పంపిస్తే ఆ చోటు వద్దు.

బాబు వాళ్లమ్మను కొట్టేటప్పుడు ఎదురు తిరగొద్దు, గదిలో పెట్టి తాళం వేయొద్దు. మాటలు తగ్గించి, పక్కవాళ్లను దూరం జరిపి, శాంతించే దాకా ఆగాలి. దెబ్బలు తగిలేంత అయితే వెంటనే వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలో సైకియాట్రీ విభాగానికి తీసుకెళ్లండి. ఆమెకు కూడా మనసు కుంగితే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. వచ్చే వారం దంతాల డాక్టర్‌కు ఒకసారి చూపించి, ఆ నోటుబుక్కు, పాత మందుల చీటీలు పట్టుకుని మీ సైకియాట్రిస్ట్‌ను కలవండి, డోసు మాట అప్పుడు తేలుద్దాం.