గ్యాప్ కనబడగానే మూసేయకు

అమ్మలూ,

రాత్రి నువ్వు పంపిన స్క్రీన్‌షాట్లు చూశాను. స్కూటర్ అద్దం కవర్ 3డీ బొమ్మ, ఐజెస్ ఫైలు (ఒక డిజైన్ సాఫ్ట్‌వేర్ నుంచి ఇంకోదానికి సర్ఫేస్‌లు పంపే రకం), ముక్కల్ని కలిపే జాయిన్ కొడితే ఎక్కడికక్కడ ఎర్రర్లు. "టాలరెన్స్ పెంచితే అన్నీ కలిసిపోతున్నాయి మావయ్యా, పెంచేయనా?" అని, అంటే ఎంత సందు దాకా కలిసినట్టే లెక్కేయాలో ఆ హద్దు పెంచనా అని, అడిగావు. వద్దు.

బాలానగర్‌లో మోల్డ్ (అచ్చు) డిజైన్‌కి చేరిన కొత్తలో నేను అదే పని చేశాను. ఒక మిక్సీ బాడీ ఫైల్లో ఫేస్‌ల (బొమ్మని కట్టే సర్ఫేస్ ముక్కల) మధ్య 0.08 మిల్లీమీటర్ల దాకా సందులున్నాయి. మెర్జింగ్ డిస్టెన్స్ (నీ టాలరెన్స్ లాంటిదే) 0.1 పెట్టాను, సాలిడ్ (అన్నివైపులా మూసుకున్న బొమ్మ) అయిపోయింది, ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు. స్టీలు కోత అయ్యాక పాలిషింగ్ చేసే పెద్దాయన కావిటీ (అచ్చులోని గుంట) లోపల బొటనవేలి గోటిని అడ్డంగా లాగి ఒకచోట ఆపారు. "ఇక్కడ మెట్టుంది సార్" అన్నారు. నాకు కంటికేమీ కనబడలేదు. వేలు పెట్టి చూస్తే నా గోటికీ తగిలింది. ఆ మెట్టు పోగొట్టడానికి ఆయన మూడు రోజులు స్టోన్ పట్టి రుద్దారు.

జాయిన్ చేస్తే సందు పోదమ్మా. "ఈ రెండు అంచులూ ఒకటే అనుకో" అని సాఫ్ట్‌వేర్‌కి చెప్పడమే అది. సర్ఫేస్‌లు ఉన్నచోటే ఉంటాయి. రైనో అనే డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో జాయిన్‌ఎడ్జ్ కూడా ఇంతే. కాటియా అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో హీలింగ్ వేరు, అది సర్ఫేస్‌లనే కొంచెం వంచి దగ్గరికి తెస్తుంది. అందుకే హీలింగ్ చేసిన ప్రతిసారీ ఒరిజినల్‌తో పోల్చి ఎంత జరిగిందో కొలిచి చూసుకోవాలి.

అసలు ఈ సందులు ఎందుకు వస్తాయో తెలిస్తే నీకు టెన్షన్ తగ్గుతుంది. రెండు వంపు సర్ఫేస్‌లు కోసుకున్నచోట వచ్చే గీతని చాలాసార్లు కచ్చితంగా రాయడం కుదరదు. మామూలు బైక్యూబిక్ ప్యాచ్‌లు (రెండు దిశల్లోనూ మూడో డిగ్రీతో రాసే సర్ఫేస్ ముక్కలు) రెండు తీసుకున్నా ఆ గీత సమీకరణం డిగ్రీ 324 దాకా పోతుంది. అందుకని సాఫ్ట్‌వేర్ దానికి దగ్గరగా ఉండే సులువైన గీత గీసి, తన టాలరెన్స్‌లో ఉంటే చాలనుకుంటుంది. ఆ ఫైలు ఇంకో సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తే, దాని లెక్క ఇంకా కఠినంగా ఉంటే, అక్కడ కలిసిన అంచులు ఇక్కడ విడిపోతాయి. పైగా ఐజెస్‌లో సర్ఫేస్‌లు చాలావరకు విడివిడిగానే వస్తాయి. స్టెప్ అనే ఇంకో రకం ఫైల్లో అయితే ఏ ఫేస్ ఏ ఫేస్‌తో అంచు పంచుకుంటుందో కూడా రాసి ఉంటుంది. కాబట్టి మొదటి పని రిపేరు కాదు, కస్టమర్‌కి ఒక మెయిల్. స్టెప్ గానీ, అలాంటిదే పారాసాలిడ్ ఫైలు గానీ ఇవ్వగలరా అని అడుగు. అడగడానికి మొహమాటపడి రెండు రోజులు కూర్చుని కుట్టుకునేవాళ్లని చాలామందిని చూశాను.

వాళ్లు ఇవ్వలేమంటే అప్పుడు మొదలుపెట్టు. ఒరిజినల్‌ని వేరే లేయర్‌లో దాచి లాక్ చెయ్యి. యూనిట్లు మిల్లీమీటర్లేనా చూసుకో. సాలిడ్‌వర్క్స్ అయితే, తెచ్చిన ఫైల్లో లోపాలు వెతికే ఇంపోర్ట్ డయాగ్నస్టిక్స్‌ని ఫైలు తెరిచిన వెంటనే, ఇంకే ఫీచరూ వేయకముందే నడపాలి. కాటియాలో జాయిన్‌ని ముందు 0.001 మీదే ఉంచి, ఎక్కడెక్కడ తెరుచుకుని ఉందో బౌండరీ కమాండ్‌తో చూడు. రైనోలో షోఎడ్జెస్ నేకెడ్ ఎడ్జ్‌లు, అంటే దేనితోనూ కలవని అంచులు, చూపిస్తుంది. ప్రతి సందునీ కొలిచి కాగితం మీద రాసుకో. మైక్రాన్లలో ఉన్నవాటికి హీలింగ్ చాలు, వాటి మీద టైమ్ పెట్టకు.

నీ ఓపికంతా పెద్దవాటి మీద పెట్టు. నువ్వు పంపిన మూడో బొమ్మలో, అద్దం అంచు తిరిగే మూలలో, 0.3 మిల్లీమీటర్ల వెడల్పున్న సందులో, ఖాళీ నింపే ఫిల్‌తో సన్నటి పట్టీ వేశావు. అది తీసెయ్యి. చివికిన బట్ట అంచుకి కుట్టేస్తే దారంతో పాటు బట్టే ఊడొస్తుంది కదా, ఇక్కడా అంతే. అలాంటి సన్నటి ఫేస్‌లు ఇప్పుడు బాగానే కనిపిస్తాయి, రేపు 2 మిల్లీమీటర్ల మందానికి షెల్ (లోపల తొలిచి గోడ మందం ఇవ్వడం) కొట్టినప్పుడు సరిగ్గా అక్కడే ఫెయిలవుతుంది. దాని బదులు పక్కనున్న రెండు ఫేస్‌లనీ అన్‌ట్రిమ్ చేసి (ట్రిమ్ అంటే కోత, ఆ కోత తీసేసి) చూడు. చాలాసార్లు అసలు సర్ఫేస్ సందు దాటి అవతలిదాకా ఉంటుంది, ట్రిమ్ గీతే పాడై ఉంటుంది. అప్పుడు రెండింటినీ ఒకదానితో ఒకటి కొత్తగా కోస్తే చాలు. లేదంటే చెడ్డ ఫేస్‌ని పూర్తిగా తీసేసి, బాగున్న పక్క ఫేస్‌ల దాకా వెనక్కి వెళ్లి, అక్కడి నుంచి నాలుగు వైపులున్న ప్యాచ్ కట్టు. మూడు వైపుల ప్యాచ్ వద్దు. ఒక మూలలో గీతలన్నీ ఒకే బిందువులో ముడిపడతాయి, అక్కడ సర్ఫేస్ నలుగుతుంది.

కట్టేటప్పుడు సపోర్ట్ సర్ఫేస్‌లు (కొత్త ప్యాచ్ ఆనుకుని సాగాల్సిన పక్క సర్ఫేస్‌లు) ఇవ్వడం మర్చిపోకు. అంచులు తాకితే జీ0 మాత్రమే, వాలు కూడా కలిస్తే జీ1, వంపు కూడా కలిస్తే జీ2. ఈ కవర్‌కి క్రోమ్ పూత ఉంటుందన్నావు కాబట్టి జీ1 కూడా సరిపోదు, జీ2 కావాలి. సర్ఫేస్ మీద నలుపు తెలుపు చారలు చూపించే జీబ్రా పెట్టి మెల్లగా తిప్పు. చారలు అంచు దగ్గర తెగితే జీ0, కలిసినా కోణంగా విరిగితే జీ1, సాఫీగా సాగిపోతే జీ2. క్రోమ్ మీద ట్యూబ్‌లైట్ వెలుగు అచ్చం ఆ చారల్లాగే పడుతుంది, కొనేవాళ్ల కన్ను అక్కడికే పోతుంది. కనబడని లోపలి వైపు మాత్రం జీ0 చాలు, అక్కడ శ్రమ పడకు.

ఎడమ, కుడి కవర్లు ఒకేలా ఉన్నాయంటే ఒక్కటే బాగుచేసి మిర్రర్ చెయ్యి. ముందు రెండూ నిజంగా ఒకటేనా అని కొలువు, మౌంటింగ్ బాస్ (స్క్రూ బిగించే బొడిపె) తేడా ఉండొచ్చు.

చివర్లో షెల్ కొట్టి, మార్చిన ఫేస్‌లకి వేరే రంగు వేసి, ఎక్కడ ఎంత జరిగిందో కస్టమర్‌కి పంపి ఒప్పుకోలు తీసుకో. మోల్డ్ కోత మొదలయ్యాక ఆ మాట అడగలేవు.

ఆ మూల మాత్రం రెండుసార్లకి రాకపోతే అక్కడే ఆపి, ఫైలు నాకు పంపు. ఆదివారం పొద్దున ఖాళీగానే ఉంటాను, ఫోన్‌లో స్క్రీన్ చూసుకుంటూ ఇద్దరం కలిసి కడదాం.

మావయ్య