చిన్న ర్యాంకు ఆఫీసర్లకే ముప్పు ఎక్కువా?

ప్రశ్న: మా అన్న కొడుకు చెన్నై ఓటీఏలో (ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ) ట్రైనింగులో ఉన్నాడు, లెఫ్టినెంటుగా బయటికొస్తాడు. యుద్ధమొస్తే చిన్న ఆఫీసర్లే ముందు పోతారని ఎవరో అన్నారట, అప్పట్నుంచి మా వదినకు ఒకటే టెన్షన్. నిజమేనా?
– ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: చాలావరకు నిజమేనమ్మా. వదినకు ధైర్యం చెప్పండి గానీ అబద్ధం మాత్రం చెప్పకండి. లెఫ్టినెంట్, కెప్టెన్, మేజర్, లెఫ్టినెంట్ కల్నల్, కల్నల్, బ్రిగేడియర్, ఆపైన జనరళ్లు, ఇదీ వరస. భుజం మీద రెండు నక్షత్రాలుంటే లెఫ్టినెంట్, మూడుంటే కెప్టెన్, సింహాల గుర్తు ఒక్కటే ఉంటే మేజర్. వంద దాటే కంపెనీని, అందులోని ముప్పై మంది ప్లాటూన్లలో కొన్నిటిని దగ్గరుండి నడిపేది ఎక్కువగా ఈ మొదటి మూడు మెట్ల వాళ్లే, నడపడమంటే వెనక కూర్చుని వైర్‌లెస్‌లో చెప్పడం కాదు, జవాన్లతో పాటే కొండెక్కాలి, చాలాసార్లు వాళ్లకంటే ముందే ఎక్కాలి. 1999 కార్గిల్‌లో ఖాలుబార్ దగ్గర మనోజ్ కుమార్ పాండే, పాయింట్ 4875 మీద విక్రమ్ బాత్రా అలాగే పోయారు. ఇద్దరికీ 24 ఏళ్లే. మన హైదరాబాద్ మేజర్ పద్మపాణి ఆచార్య కూడా ఆ కార్గిల్ యుద్ధంలోనే పోయాడు.

ఇంకో సంగతి ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ ఆఫీసర్ల ర్యాంకు గుర్తులు కోటు చేతి అంచున, మణికట్టు పైన ఉండేవి. చెయ్యెత్తి సైగ చేస్తే చాలు, అవతల తుపాకీ గురిపెట్టుకుని కూర్చున్నవాడికి ఆఫీసరెవరో తెలిసిపోయేది! అందుకే చాలామంది వాటిని భుజం మీదికి మార్చుకున్నారు. ఇప్పుడు యుద్ధంలో వేసుకునే యూనిఫాం మీద మెరిసే ఇత్తడి నక్షత్రాలుండవు, నల్లగా కుట్టినవే ఉంటాయి.

అలాగని పెద్ద ర్యాంకు వాళ్లకు ప్రాణభయం లేదనుకోకండి. 1948 జులై 3న ఝంగర్ దగ్గర షెల్ పడి పోయిన మహమ్మద్ ఉస్మాన్ బ్రిగేడియర్. సూర్యాపేట సంతోష్ బాబు కల్నల్, బెటాలియన్ మొత్తానికి కమాండింగ్ ఆఫీసర్, అయినా 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో తన మనుషులతోనే ఉన్నాడు.

ప్రశ్న: జనరల్ బిపిన్ రావత్‌తో పాటు హెలికాప్టర్ ప్రమాదంలో చనిపోయిన మన సాయితేజది లాన్స్ నాయక్ ర్యాంకు కదా, అది ఆఫీసర్ కిందికే వస్తుందా?
– ఒక పాఠకుడు, గ్రీమ్స్‌పేట, చిత్తూరు

జవాబు: రాదండీ. సిపాయి పైన మొదటి మెట్టు లాన్స్ నాయక్, తర్వాత నాయక్, హవల్దార్. వాళ్ల పైన నాయబ్ సుబేదార్, సుబేదార్, సుబేదార్ మేజర్. వీళ్లు జేసీఓలు (జూనియర్ కమిషన్డ్ ఆఫీసర్లు), వీళ్లను లెఫ్టినెంట్ కూడా ‘సాబ్’ అనే పిలవాలి, ఎందుకంటే సర్వీసులో ఆయన కంటే ఎన్నో ఏళ్లు ముందుంటారు. కురబలకోట మండలం ఎగువరేగడ కుర్రాడు సాయితేజ పారా కమాండో, రావత్ భద్రతా సిబ్బందిలో ఒకడు. 2021 డిసెంబర్ 8న కూనూర్ దగ్గర కూలిన ఆ హెలికాప్టర్లో చీఫ్ ఆఫ్ డిఫెన్స్ స్టాఫ్ రావత్ నుంచి లాన్స్ నాయక్ దాకా ఉన్నారు. అది యుద్ధం కాదు, కాబట్టి పై జవాబులో చెప్పిన లెక్క దీనికి వర్తించదు.

ప్రశ్న: లెఫ్టినెంట్ కంటే మేజర్ పెద్ద. మరి మేజర్ జనరల్ కంటే లెఫ్టినెంట్ జనరల్ ఎలా పెద్దవాడయ్యాడు?
– ఒక డిగ్రీ విద్యార్థి, తిరుపతి

జవాబు: అందరూ తికమకపడేది ఇక్కడే! ఎవరి చేతి కింద ఎంత సైన్యముందో చూడు బాబూ. మేజర్ జనరల్‌ది ఒక డివిజన్, లెఫ్టినెంట్ జనరల్‌ది అలాంటివి కొన్ని కలిసిన కోర్. పరీక్షలో అడిగితే ఇదే రాసెయ్.